ఉత్తరం నేరుగా ఇంటికే!

ఉచిత ఈమెయిల్ ఖాతా అంటే పోస్టాఫీసులో పెట్టె తీసుకోవడం లాంటిదే. తాళంచెవి మన దగ్గరున్నా పెట్టె వాళ్లది. ఏ కారణంతోనో కంపెనీ ఖాతా మూసేసిందంటే ఏళ్లతరబడి దాచుకున్న ఉత్తరాలూ ఫొటోలూ గల్లంతే! అలా కాకుండా, మెయిల్ నేరుగా మనింట్లోని కంప్యూటర్‌కే వచ్చేస్తే? నిక్షేపంగా వస్తుంది.

అందుకు పెద్ద యంత్రమేం అక్కర్లేదు. అరచేతిలో ఇమిడే రాస్ప్‌బెరీ పై చాలు. అందులో లినక్స్, దానిమీద పోస్ట్‌ఫిక్స్. వీట్సె వెనెమా రాసిన ఈ సాఫ్ట్‌వేర్ 1998 నుంచీ ఉచితంగానే దొరుకుతోంది. వచ్చిన మెయిల్‌ని ఫోన్లో చదువుకోవడానికి డవ్‌కాట్ ఉంది.

అసలు తిరకాసంతా చిరునామాతోనే. ముందు సొంత డొమైన్ పేరు కొనుక్కోవాలి. ‘ఈ పేరు మీద వచ్చే ఉత్తరాలు ఫలానా కంప్యూటర్‌కి’ అని చెప్పే ఎంఎక్స్ రికార్డు రాయించాలి. పంపేవారి సర్వర్ అది చూసుకుని వచ్చి 25వ నంబరు పోర్టు తలుపు తడుతుంది. కానీ చాలా ఇంటర్నెట్ కంపెనీలు ఎన్నో ఇళ్లకు కలిపి ఒకటే ఐపీ చిరునామా ఇస్తాయి. ఇక ఎవరి తలుపని తట్టడం? కొన్ని కంపెనీలైతే ఆ పోర్టునే మూసేస్తాయి. కాబట్టి పైసా ఖర్చుపెట్టకముందే అడగాల్సినవి రెండు... స్టాటిక్ ఐపీ ఇస్తారా, 25వ పోర్టు తెరుస్తారా?

మరి కరెంటు పోతే? కంగారక్కర్లేదు. పంపే సర్వర్ సాధారణంగా నాలుగైదు రోజులపాటు మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. పాతకాలం పోస్ట్‌మ్యాన్‌కీ అంత ఓపిక ఉండేది కాదేమో! ఓటీపీ మాత్రం అంతదాకా ఆగదు.

ఇక పంపడమంటారా... ఇంటి ఐపీ నుంచి వెళ్లిన మెయిల్‌ని పెద్ద సంస్థలు చాలావరకు స్పామ్ కిందే జమకడతాయి. ఆ పని వేరే సర్వీసుకు అప్పగించడమే సుఖం. మన సర్వర్ ఊరివాళ్లందరి మెయిలూ మోసే ‘ఓపెన్ రిలే’గా మారిందంటే మాత్రం స్పామర్లకు పండగే. దీన్ని మొదటిరోజే సరిచూసుకోవాలి.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం డొమైన్ గడువు. రెన్యువల్ మరిచిపోతే ఆ పేరు వేరెవరైనా కొనుక్కోవచ్చు. అప్పుడు బ్యాంకు పంపే పాస్‌వర్డ్ లింకులు కూడా వాళ్లింటికే! అందుకే ఈ కొత్త చిరునామాని కొన్ని నెలలపాటు చుట్టాలకూ స్నేహితులకూ మాత్రమే ఇచ్చి చూడండి. బ్యాంకుకి తర్వాత చెప్పొచ్చు.