ఏ బంతిలో కూర్చుందాం?

గత మాసంలో ఒక అమెరికన్ వ్యాసాన్ని తెలుగు చేస్తూ ఒక మాట దగ్గర నా కలం ఆగిపోయింది. అది ప్రతి విద్యార్థికీ తెలిసిన మాటే: కాన్ఫరెన్స్. నిఘంటువు తీస్తే సదస్సు అనీ, సమావేశం అనీ ఉంది. కాని అక్కడి కళాశాలల క్రీడారంగంలో దాని అర్థం వేరు. పదీ పన్నెండు విశ్వవిద్యాలయాలు ఒక కట్టుగా ఏర్పడి, ఏటేటా తమలో తాము ఆడుకునే ఏర్పాటుకు ఆ పేరు. ‘కూటమి’ అని వ్రాస్తే రాజకీయ వాసన వచ్చింది. ‘మండలి’ అంటే ప్రభుత్వ కచేరీ వాసన వచ్చింది. చివరకు మా నాయనమ్మ మాట ఒకటి జ్ఞాపకం వచ్చింది. పెళ్ళిలో భోజనాల వేళ ఆవిడ, “మనవాళ్ళు ఏ బంతిలో కూర్చున్నారురా?” అని అడిగేది. విస్తరి ఎక్కడైనా విస్తరే, వడ్డించే కూర ఒకటే. అయినా ఎవరి పక్కన కూర్చున్నామన్నది ఆవిడకు ముఖ్యం. కాన్ఫరెన్స్ అంటే సరిగ్గా అదే.

ఆ వ్యాసం చెప్పిన కథ ఇది. పసిఫిక్ తీరపు విశ్వవిద్యాలయాలు కలిసి ఆడుకునే సంప్రదాయం 1915లో మొదలైంది. నూరేళ్ళు దాటి నిలిచిన ఆ బంతి నుంచి, 2024 వేసవి నాటికి పన్నెండింటిలో పది సంస్థలు లేచిపోయాయి. కారణం ఆట కాదు, టెలివిజన్ ప్రసార హక్కుల సొమ్ము. స్టాన్‌ఫర్డ్, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాలు పసిఫిక్ గాలి పీలుస్తూనే అట్లాంటిక్ తీరపు కాన్ఫరెన్స్‌లో చేరాయి. ఆరెగాన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్ మాత్రం ఖాళీ విస్తళ్ళ మధ్య మిగిలిపోయాయి. తరతరాలుగా పొరుగూరి జట్టును ఓడించడమే పండుగగా భావించిన అభిమాని, ఇప్పుడు మూడు గంటల కాలభేదం గల ఊరి జట్టును ప్రత్యర్థిగా అలవాటు చేసుకోవాలి.

ఎక్కడి అమెరికా, ఎక్కడి రాయపూర్ అని పాఠకులు అడగవచ్చు. అనువాదం ముగించి కాగితాలు మడుస్తుండగా, ఇది మా ఊరి కథే గదా అని నాకు తోచింది.

మా తాతగారు విజయనగరం ప్రాంతం నుంచి రైల్వే ఉద్యోగానికి రాయపూర్ వచ్చారు. ఈ రెండు ఊళ్ళనూ కలిపే రైలుమార్గం 1931లో పూర్తయింది. ఆ పట్టాల వెంట వచ్చి ఇక్కడే ఉండిపోయిన తెలుగు కుటుంబాలు ఎన్నో. నేను పుట్టినప్పుడు ఈ ఊరు మధ్యప్రదేశ్‌లో ఉండేది. 2000 నవంబరు 1న, నేను ఆంగ్ల సాహిత్యంలో ఎం.ఏ. చదువుతుండగా, ఛత్తీస్‌గఢ్ రాజధాని అయింది. ఆ రోజు ఊరంతా మిఠాయిలు పంచుకుంటూ ఉంటే, నా సహాధ్యాయి ఒకడు మాత్రం, “ఇక నేను ఎవరి తరఫున ఆడాలి?” అని అడిగాడు. అతడు విశ్వవిద్యాలయ జట్టులో ఎడమచేతి స్పిన్నర్.

ఆ ప్రశ్న నాకు అప్పుడు వేడుకగా తోచింది. అతనికి కాదు. మన దేశంలోనూ విశ్వవిద్యాలయాల క్రీడలు ఉత్తరం, దక్షిణం, తూర్పు, పడమర అని విభజించుకొనే జరుగుతాయి. ఆ గీత గీసేది దేశపటాన్ని చూసి గాని, డబ్బు సంచిని చూసి కాదు. కాని చదువు ముగిసిన తరువాత క్రీడాకారునికి రాష్ట్ర జట్టే గతి. అంతకు ముందు మా వాళ్ళు రాత్రంతా రైలులో గడిపి, భోపాల్ దాటి, ఇండోర్ సెలక్షన్లకు వెళ్ళేవారు. దూరమే గాని, దారి అంటూ ఒకటి ఉండేది. భిలాయి వాసి రాజేష్ చౌహాన్ మధ్యప్రదేశ్ తరఫున ఆడే భారత జట్టులోకి ఎదిగాడు. అతడు ఆడిన 21 టెస్టులలో భారత్ ఒక్కటీ ఓడలేదు.

రాష్ట్రం 2000లో వచ్చింది. రంజీ ట్రోఫీలో ఛత్తీస్‌గఢ్ తొలిసారి ఆడింది 2016లో. ఈ మధ్య గడచిన పదహారేళ్ళు చరిత్ర పుస్తకంలో ఒక పంక్తి. క్రీడాకారునికి అదే జీవితం. జట్టు వచ్చేనాటికి నా మిత్రునికి ముప్పయ్యేడేళ్ళు నిండి, మందుల దుకాణం నడుపుతున్నాడు. “బంతి వేశారు, నా ఆకలి వేళ దాటిపోయింది” అన్నాడు. అందులో ఎవరిమీదా కోపం లేదు. అందుకే అది నన్ను ఎక్కువగా బాధించింది.

ఆ తొలి జట్టు నాయకుడు మహమ్మద్ కైఫ్. అంతకు ముందు ఆంధ్ర జట్టుకు నాయకత్వం వహించి వచ్చినవాడు. మొదటి మ్యాచ్‌లోనే త్రిపురను ఓడించారు. అయితే ఆ యేడు రంజీ పోటీలన్నీ తటస్థ వేదికలమీద జరపాలని నియమం పెట్టారు. పదహారేళ్ళు ఎదురుచూసిన ఊరికి, తన జట్టును తన మైదానంలో చూసే భాగ్యం ఆ సంవత్సరం లేకపోయింది. దానికి బదులు ఏం దక్కిందో వినండి. ముంబయి, హైదరాబాద్ జట్ల క్వార్టర్ ఫైనల్ రాయపూర్‌లో జరిగింది!

డిసెంబరు నెల. అరవై వేల మందికి పైగా పట్టే స్టేడియం. 2013లో ఢిల్లీ జట్టు దీనిని రెండవ పుట్టిల్లుగా చేసుకొని ఐ.పి.ఎల్. ఆడినప్పుడు ఇదే మైదానం హోరెత్తింది. 2023 జనవరిలో ఇక్కడ జరిగిన మొదటి అంతర్జాతీయ వన్డేలో భారత్ న్యూజిలాండ్‌ను 108 పరుగులకే కూల్చినప్పుడూ హోరెత్తింది. ఆ అయిదవ రోజున మాత్రం జనాన్ని వేళ్ళమీద లెక్కించవచ్చు. అందులో మేము ఒక పదిమందిమి తెలుగువాళ్ళం. హైదరాబాద్ 232 పరుగుల లక్ష్యాన్ని అందుకోలేక 30 పరుగుల తేడాతో ఓడిపోయినప్పుడు, ఆ ఖాళీ స్టేడియంలో మా నిట్టూర్పు మాకే వినిపించింది. నేను ఛత్తీస్‌గఢ్‌వాణ్ణి. మా వంశం విజయనగరానిది, కనుక ఆంధ్ర జట్టుకు చెందాలి. అయినా ఆనాడు హైదరాబాద్ కోసం గొంతు పోగొట్టుకున్నాను. ఏ పటం ప్రకారం చూసినా నాకు ఆ బంతిలో చోటు లేదు.

ఆటల పటానికీ, పాలనా పటానికీ పొత్తు కుదరడం అరుదు. 1956లో తెలుగువారంతా ఒక రాష్ట్రమైనా ఆంధ్ర, హైదరాబాద్ జట్లు రెండుగానే ఉండిపోయాయి. 2014లో రాష్ట్రం రెండైనప్పుడు క్రికెట్‌లో పంచుకోవలసినది ఏమీ లేకపోయింది. నాగపూర్ మహారాష్ట్రలో ఉన్నా, విదర్భ తన జట్టుతోనే రంజీ ట్రోఫీ గెలుచుకుంది.

అభిమానికి మరొక పటం ఉంటుంది. మా పక్కింటి పెద్దాయన 1999లో రంజీ ఫైనల్లో మధ్యప్రదేశ్ కర్ణాటక చేతిలో ఓడిపోయినప్పుడు రాత్రి అన్నం ముట్టలేదట. ఆనాటి నాయకుడు చంద్రకాంత్ పండిత్ 2022లో శిక్షకుడై, అదే బెంగళూరులో ముంబయిని ఓడించి మధ్యప్రదేశ్‌కు తొలి రంజీ కప్పు తెచ్చిపెట్టాడు. ఆ సాయంకాలం పెద్దాయన మాకు జిలేబీ తెచ్చారు. “అది పొరుగు రాష్ట్రం గదండీ” అన్నాను. “ఇరవై మూడేళ్ళుగా ఈ ఇంట్లోనే ఉన్నాను. నేనెక్కడికీ పోలేదు, రాష్ట్రమే పోయింది” అన్నారాయన.

కనుక బంతులు మార్చేవారిని నేను అడిగే ప్రశ్న ఒక్కటే. మార్పు తరువాత ఆటగాడికి మైదానం, అభిమానికి జట్టు దగ్గరయ్యాయా, దూరమయ్యాయా? అమెరికాలో డబ్బు పెరిగింది, దూరమూ పెరిగింది. ఇక్కడ ఆలస్యమైంది గాని, దూరం తగ్గింది. మా పెద్దాయన అభిమానం పాత బంతిలోనే మిగిలిపోతే మిగలనివ్వండి. దానివల్ల ఎవరి విస్తరీ తగ్గదు.

నా మిత్రుని కుమార్తె ఇప్పుడు ఎడమచేత్తో స్పిన్ వేస్తున్నది. మొన్న రాయపూర్‌లోనే సెలక్షన్లు జరిగితే, దుకాణం ఒక పూట మూసి స్కూటరు మీద తీసుకువెళ్ళాడు. ఎంపికైందా అని అడిగాను. “ఈసారి కాలేదు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేశాం” అని నవ్వాడు.