ఒక్క ముద్దే కదా అనకండి!

రమజాన్ సాయంత్రం. ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ వద్ద ఓ పెద్దావిడ “ఒక్క ముద్దే కదా బేటా” అంటూ పసివాడి నోటికి హలీం అందిస్తుంది. సీలియాక్ వ్యాధి ఉన్న బిడ్డకు ఆ ప్రేమే హాని చేస్తుంది.

గోధుమ, బార్లీలలోని గ్లూటెన్ ఈ పిల్లల చిన్నపేగును దెబ్బతీస్తుంది. విరేచనాలు, రక్తహీనత, ఎదుగుదల లోపం కనిపిస్తాయి. గోధుమకూ ఈ జబ్బుకూ గల సంబంధాన్ని డచ్ శిశువైద్యుడు విల్లెం డికే 1950లో తన పరిశోధన గ్రంథంలో వెల్లడించాడు. నేటికీ గ్లూటెన్ లేని ఆహారమే చికిత్స. అయితే పరీక్షలకు ముందే గోధుమ మానిపిస్తే జబ్బు బయటపడకపోవచ్చు. వైద్యుని సలహా తప్పనిసరి. జీవితాంతం నియమం పాటిస్తే పేగు కోలుకుంటుంది. బిడ్డ తోటివారిలాగే చదువుతాడు, ఆడుకుంటాడు.

వరి, జొన్న, రాగి పండే మన నేలపై ఇది అసాధ్యం కాదు. షీర్‌ఖుర్మాలో బియ్యపు సేమియా వేసినంత మాత్రాన ఈద్ మాధుర్యం తగ్గదు. అసలు కష్టం మన వైఖరిలో ఉంది. ఆడపిల్లకు సంబంధాలు రావన్న భయంతో జబ్బును దాచడం ఆమెకు చేసే అన్యాయం. వ్యాధిగ్రస్తులకు ఉపవాసంలోనే సడలింపునిచ్చింది దివ్య ఖుర్ఆన్. మరి మనం ఒక బిడ్డకు కంచంలో సడలింపు ఇవ్వలేమా?

మైనారిటీ గురుకులాల్లో, మదర్సాల్లో, మధ్యాహ్న భోజన పథకంలో ఈ పిల్లలకు వేరు పాత్రలో వండిన ఆహారం హక్కుగా అందాలని మేము కోరుతున్నాం. పాఠకులకు మా విన్నపం ఒక్కటే: ఈ ఈద్‌కు మీ ఇంటికి వచ్చే పిల్లల తల్లిదండ్రులను ముందుగానే అడగండి, బిడ్డకు ఏది పడదో.