మాంసకృత్తుల తూకమే చాలదు

గింజలోని నత్రజనిని కొలిచి, 6.25తో హెచ్చించి, మాంసకృత్తులు ఇంత అని చెప్పుట వాడుక. ఈ లెక్క పరిమాణమునే తెలుపును, గుణమును తెలుపదు. మాంసకృత్తులు అమైనో ఆమ్లములనెడి పూసల దండలు. పిండిని హైడ్రోక్లోరిక్ ఆమ్లములో 110 డిగ్రీల వేడిమిని సుమారు ఒక రోజు ఉంచి, పూసలను విడదీసి, ఏది ఎంత ఉన్నదో కొలిచినగాని విలువ తేలదు.

లాలాపేట ప్రక్కన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1958లో కూనూరు నుండి హైదరాబాదుకు వచ్చినది. ఆ సంస్థకు చెందిన గోపాలన్, శ్రీకంటయ్యగార్లు, జొన్నే ముఖ్యాహారమైన వారికి వచ్చు పెల్లాగ్రా అను చర్మవ్యాధికి జొన్నలో లూసిన్ అధికముగా ఉండుట కారణము కావచ్చునని 1960లో సూచించిరి. దీనిపై తరువాత భిన్నాభిప్రాయములు వచ్చినవి. కాని జొన్నలో లైసిన్ కొరత నిర్వివాదము. కందిలో లైసిన్ పుష్కలము. కందికి తక్కువైన మిథియోనైన్‌ను జొన్న కొంత పూరించును.

కావున బస్తాల లెక్కే చూచి జొన్నచేలో కంది సాళ్లు మానుట తగదని నా అభిప్రాయము. గ్రామాధికారులు పంటల లెక్కలో అంతరపంట కందిని విడువక వ్రాయవలెను. రైతులు పండిన కందినంతయు అమ్మక, ఏడాది తిండికి ఇంట నిలువ ఉంచుకొనవలెను.