కానవచ్చు పొగ, కానరాని వాయువు

రాజవొమ్మంగి కొండవాలులందు పోడు కాల్చినప్పుడు లేచు పొగ దూరమునకును కానవచ్చును. అందుచేత పోడు చేయు గిరిజనుడు సులభముగ నిందకు గురియగును. పల్లపు పొలమున చల్లిన యూరియా వలన వెలువడు నైట్రస్ ఆక్సైడునకు రంగు లేదు, పొగ లేదు. దానిని నిందించువారును అరుదు. ఈ తీర్పు న్యాయమైనది కాదు.

1772లో ప్రీస్ట్‌లీ కనుగొనిన ఈ వాయువును పీల్చినవారికి నవ్వు పుట్టుటచే దీనికి నవ్వు వాయువని పేరు వచ్చినది. ఆకాశమున మాత్రము దీని పని నవ్వులాట కాదు. నూరేండ్ల కాలమునకు లెక్కించినచో, ఇది బొగ్గుపులుసు వాయువుకంటె దాదాపు 273 రెట్లు వేడిమిని పట్టియుంచును. ఓజోను పొరను క్షీణింపజేయుటలోను దీనికి పాలు కలదు.

పైరు గ్రహింపగలిగినదానికంటె ఎక్కువ నత్రజని నేలలో చేరినచో, మిగిలినది సూక్ష్మజీవుల పాలగును. వాటి చేతిలోనే ఈ వాయువు పుట్టును. నేల తడియుచు ఆరుచు ఉండు చోట్ల ఈ పని మరింత చురుకుగా సాగును. 45 కిలోల యూరియా బస్తాలో సుమారు 20 కిలోల నత్రజని కలదు. అందు నూటికొక పాలు ఈ వాయువుగా మారునని అంతర్జాతీయ లెక్కలలో స్థూలముగా గ్రహింతురు. ఆ కొంచెమే దాదాపు 90 కిలోల బొగ్గుపులుసు వాయువునకు సాటి. అనగా బస్తా బరువునకు రెండింతలు!

యూరియా లేనిదే ఇందరికి అన్నమెట్లు దొరకునని కొంద రడుగుదురు. అది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. అందుకే 2015లో దేశమున తయారగు యూరియాకంతకును వేపపూత తప్పనిసరి చేయబడినది. ఆ పూత నత్రజని మార్పును నెమ్మదింపజేయును. కాని పూత ఉన్నదికదా యని రెండు బస్తాలకు మారు మూడు చల్లువానికి వేపచెట్టు ఏమి సాయపడగలదు?

పోడు వలన అడవికి నష్టము లేదని కాదు. ఆ మంటయు, పశువుల పెంటయు కొంత నైట్రస్ ఆక్సైడును విడుచును. అయినను రాగి, సామలతో కంది, అలసందలను కలిపి విత్తు కొండపద్ధతిని వెనుకబాటనుట అవివేకము. కంది వేళ్ళ బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి పైరున కందించును. దానికి బస్తా ఖర్చు లేదు.

పల్లపు వరిమడికి యూరియా కావలసినచో, ముందు భూసార పరీక్ష జరుగవలెను. పిమ్మట ఆ మోతాదును ఒక్కమారుగా గుమ్మరింపక, నాటునప్పుడు కొంత, దుబ్బు కట్టునప్పుడు కొంత, చిరుపొట్ట దశలో కొంత చల్లవలెను. పోడు మానుమని చెప్పుటకు కొండ యెక్కు ఉద్యోగి, దిగివచ్చునప్పుడు ఈ మడిగట్టున కూడ నిలిచి ఆ లెక్కను అడుగవలెను.