పిక్కలు ఎక్కువున్నప్పుడే పందెం చిన్నది వేయండి

బందరులో బీటెక్ చదివే రోజుల్లో మా హాస్టల్ గదిలో పోకర్ టోర్నమెంట్ నడిచేది. డబ్బుల్లేవు. చిప్స్ బదులు చింతపిక్కలు. ఆరుగురం, తలా 20. పిక్కలు అయిపోతే ఔట్, మళ్లీ తెచ్చుకోవడం ఉండదు. గెలిచినవాడికి ఆదివారం చికెన్‌లో లెగ్ పీస్.

ఒక రాత్రి ఇద్దరు ఔటయ్యారు. నా దగ్గర 60, గుడివాడ కుర్రాడి దగ్గర 40, మిగతా ఇద్దరి దగ్గర 12, 8. ఆ 12 ఉన్నవాణ్ని భయపెట్టి పంపించేద్దామని నా 60 మొత్తం ముందుకు తోసేశా. వాడు ముక్కలు కింద పెట్టేశాడు. పక్కనే ఉన్న గుడివాడ కుర్రాడు మాత్రం తన 40 పెట్టేశాడు. వాడి చేతిలో రెండు ఏస్‌లు! ఒక్క ఆటతో వాడు 80కి వెళ్లాడు, నేను 20కి పడ్డా.

రాత్రంతా అదృష్టాన్ని తిట్టుకున్నా. పొద్దున్నే లెక్క వేసుకుంటే అసలు తప్పు తెలిసింది. 12 ఉన్నవాడి మీద 12 పెట్టినా, 60 పెట్టినా వాడు పోగొట్టుకునేది 12 మాత్రమే. వాడి భయం కూడా అంతే. మిగతా 48 నేను ఊరికే ప్రమాదంలో పెట్టా. పన్నెండే పెట్టి ఉంటే, గుడివాడ కుర్రాడు రైజ్ చేయగానే తప్పుకొని 48తో ఆటలో ఉండేవాణ్ని. పైగా టోర్నమెంట్‌లో పిక్కలు రెట్టింపైతే బహుమతి రెట్టింపు కాదు. సున్నా అయితే మాత్రం ఇంటికే.

మిమ్మల్ని ఆటలోకి దించడానికి ఇది చెప్పడం లేదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది, 2025లో కేంద్రం దేశమంతటికీ చట్టం తెచ్చింది. ఆ జోలికి పోకండి. కానీ పందెం సైజు లెక్క పేకాటతోనే ఆగిపోదు.

మాది దివిసీమ. నాగాయలంక దగ్గర నాన్న రెండెకరాల్లో వనామీ రొయ్యలు వేసేవారు. ఒక ఏడాది పంట బాగా వచ్చింది, రేటూ పలికింది. ఆ డబ్బు చేతిలో పడగానే ఇంకో ఆరెకరాలు లీజుకు తీసుకున్నారు. మేతకు అప్పు తెచ్చి, అన్ని చెరువుల్లో ఒకేసారి సీడ్ వదిలారు. నలభై రోజులకు వైట్ స్పాట్ వచ్చింది. చెరువులన్నిటికీ ఒకటే కాలువ నీళ్లు, అన్నిట్లోకీ పాకింది. నాన్నకు రొయ్యల సాగు తెలియదా? మా చుట్టుపక్కల అందరూ ఆయన్నే అడిగేవాళ్లు. ఆయన తప్పింది సైజు దగ్గర. ఆరు బదులు ఒక ఎకరం పెంచి ఉంటే నష్టం వచ్చేదేమో గానీ, నా ఫీజు కోసం అమ్మ గాజులు తాకట్టుకు వెళ్లేవి కావు.

1956లో బెల్ ల్యాబ్స్ పరిశోధకుడు జాన్ కెల్లీ దీనికో సూత్రం రాశాడు. పెట్టినంతే లాభం వచ్చే పందెంలో, గెలిచే శాతంలోంచి ఓడే శాతం తీసేయండి. మీ దగ్గరున్నదాంట్లో అంత వాటాకు మించి పెట్టకూడదు. 60-40 అయితే 20 శాతం. 50-50 అయితే సున్నా. చూడటానికి ఇంతే! కానీ విక్టర్ హఘానీ, రిచర్డ్ డ్యూయీ చేసిన ప్రయోగం చూడండి. 61 మందికి తలా 25 డాలర్లిచ్చి, బొమ్మ పడే అవకాశం 60 శాతం ఉన్న కంప్యూటర్ నాణెం మీద అరగంట పందెం కాయమన్నారు. ఎక్కువ మంది ఫైనాన్స్ చదివినవాళ్లే. అయినా 28 శాతం మంది మొత్తం పోగొట్టుకున్నారు.

ఇప్పుడు మీ సంగతికి వద్దాం. బ్యాక్‌లాగ్‌లు లేకుండా ఫైనల్ ఇయర్‌లో ఉన్నారా? చేతిలో ఒక ఆఫర్ ఉందా? ఇంట్లో అప్పు లేదా? అయితే మీది పెద్ద స్టాక్. పెద్ద స్టాక్ ఉన్నప్పుడే ‘ఏమైతే అయింది’ అనే మాట నోట్లోకి వస్తుంది. గ్రూప్స్ రాయాలనుంటే ఆఫర్ వదిలేసి హైదరాబాద్‌లో రూమ్ తీసుకునే ముందు, ఆరు నెలలు పొద్దున్నే రెండు గంటలు చదివి, మాక్ టెస్టులు రాయండి. మీకు అది నప్పుతుందో లేదో ఆ పన్నెండు పిక్కలతోనే తెలిసిపోతుంది. నప్పితే అప్పుడు పెంచండి. అలాగని భయపడి అసలేమీ పెట్టకుండా కూర్చోకండి. పోకర్‌లో ఆడినా ఆడకపోయినా వంతు వచ్చినప్పుడు కొన్ని పిక్కలు తప్పనిసరిగా వేయాలి, దాన్నే బ్లైండ్ అంటారు. కూర్చున్నవాడి స్టాక్‌ను అదే తినేస్తుంది.

రెండు లక్షలు కడితే బ్యాక్‌డోర్‌లో ఉద్యోగం ఇప్పిస్తామంటారు చూశారా, దానికి కెల్లీ లెక్కలో జవాబు సున్నా. స్టాక్ ఎంత పెద్దదైనా సున్నానే.

మూడేళ్ల గ్యాప్, అయిపోతున్న వయసు, ఇంటి నుంచి ఒత్తిడి ఉన్నవాళ్లకు రూలు వేరే. 8 పిక్కలున్నవాడు కొంచెం కొంచెంగా పెడితే బ్లైండ్‌లకే అయిపోతాడు. కాస్త మంచి చేయి పడగానే మొత్తం పెట్టాలి. మీరూ అంతే. నాలుగు నోటిఫికేషన్లు, మూడు కోర్సులు పక్కన పెట్టి ఒకటి ఎంచుకోండి, పూర్తిగా దిగండి. ఇది మాత్రం పెద్ద స్టాక్ ఉన్న మీ ఫ్రెండ్‌ని చూసి నేర్చుకునేది కాదు.

ఈ రాత్రి ఒక కాగితం తీసుకోండి. చేతిలో ఎన్ని నెలల ఖర్చుంది, ఇంకెన్ని ప్రయత్నాలకు వీలుంది, ఓడితే ఇంట్లో ఎవరి గాజులు పోతాయి, ఈ మూడూ రాసుకోండి. ఎంత పెట్టాలన్నది ఆ తర్వాతే.