కువైట్ ఎంత దూరం?



మన గోదావరి పల్లెల నుండి ఎందరో తల్లులు, అక్కచెల్లెళ్లు ఇంటిపనికి కువైట్ వెళ్లుచున్నారు. వారు బయలుదేరిన రోజున ఇంట్లోవారు గడియారం చూచుకొని కలవరపడుదురు. కనుక ఆ ప్రయాణపు లెక్క తెలిసికొందాము.

నిడదవోలు నుండి హైదరాబాదుకు రైలులో ఒక రాత్రి. శంషాబాద్ విమానాశ్రయములో మూడు గంటల ముందే ఉండవలెను. అక్కడనుండి కువైట్‌కు ఆకాశమార్గమున సుమారు 3,370 కిలోమీటర్లు. మధ్యలో ఆగని విమానమునకు దాదాపు 5 గంటలు పట్టును. దోహాలోగాని దుబాయ్‌లోగాని విమానం మారినయెడల ఇంకా ఎక్కువ.

అయితే కువైట్ గడియారం మనకంటె రెండున్నర గంటలు వెనుక. ఇక్కడ ఉదయం 10కి ఎక్కినవారు అక్కడ మధ్యాహ్నం 12.30కి దిగుదురు. టిక్కెట్టులో ఏ ఊరి వేళ ఆ ఊరిదే వేయుదురు గనుక రెండున్నర గంటల ప్రయాణమే అనిపించును. కాని అప్పటికి మన ఇంట్లో 3 గంటలు! దిగిన తరువాత కాగితాల తనిఖీ, సామాను, యజమాని రాక ఉండును. సాయంత్రం వరకు ఫోను రాకపోయినా బెంగపడవద్దు.

మరునాటికి కూడ కబురు లేకపోతే మాత్రం ఊరకుండవద్దు. పాస్‌పోర్టు, వీసా, టిక్కెట్టు నకళ్లు, యజమాని చిరునామా, ఫోను నంబరు ఇంట్లో ఉంటేనే కువైట్‌లోని భారత రాయబార కార్యాలయమునకు వివరముగా తెలుపగలరు. వాటిని ప్రయాణమునకు ముందే తీసి దాచుకొనుడి.

మరియొక మాట. మనకు రాత్రి 9 అయితే వారికి 6.30, పని ముగియని వేళ. పిల్లలతో మాట్లాడుటకు ఏ వేళ వీలగునో ఆ తల్లినే అడిగి, ఆ వేళకు పిల్లలను మేలుకొని ఉంచుడి.