గాలమును గూర్చి ఒక మాట

గాలము పట్టుకొని కాలువగట్టున కూర్చున్న బాలుని చూచి, చదువు సంధ్యలు లేనివాడనుట మన యూళ్లలో వాడుక. మేమీ తీర్పునకు సమ్మతింపజాలము.

పశ్చిమదేశములలో ఈ వినోదమునకు గొప్ప గౌరవము కలదు. ఆంగ్లేయుడగు ఐజాక్ వాల్టన్ 1653 సంవత్సరమున దీనిపై నొక గ్రంథమునే ప్రకటించెను. అచ్చట ఈకలతోను దారముతోను ఈగను బోలిన యెరను కట్టి తేటనీటి యేళ్లపై విసరుదురు. మన బురదనీటిలో ఆ యీకల యీగను ఏ చేప చూచును? అయినను, చిన్న కప్పను గాలమునకు గ్రుచ్చి, ఆకుల నడుమ నీటిపై గెంతించి కొఱ్ఱమీనును పట్టు మన జాలరుల నేర్పు ఆ విద్యకు తోబుట్టువే. కొఱ్ఱమీను గాలి పీల్చుటకు మాటిమాటికి పైకి రాక తప్పదు. ఆ చోటు కనిపెట్టుటకు కన్నును ఓర్పును కావలెను. తక్కిన చేపలకు వానపామును జీలుగు బెండును చాలును.

తుపానులు లేని యేడు కార్తీకమాసమే ఇందుకు తగిన కాలము. తమ్మిలేరు, రామిలేరుల పొంగు తగ్గును. తాడేపల్లిగూడెపు దిక్కున ఎఱ్ఱకాలువయు నెమ్మదించును. (ఆ నెల చేపను ముట్టని యిండ్లు పెక్కు గనుక చేపలకును కొంత సుఖమే!)

మా ఆక్షేపణ గాలముపై కాదు. నీటిలో విషము కలుపువారిపైన, విద్యుత్తు పాఱించువారిపైన. విషము వేయుటను 1897 నాటి చేపల చట్టమే నిషేధించినది. గాలమునకు చిక్కిన పిల్లచేపను తిరిగి విడువవచ్చును. విషమునకు పిల్ల, పెద్ద యను భేదము లేదు. వానకాలమున తన పిల్లలగుంపును కాచుచు తిరుగు కొఱ్ఱమీనును గాలముతో పట్టుటయు మాకు సమ్మతము కాదు.

కొల్లేరు 1999లో అభయారణ్యమైనది. 2002లో రామ్‌సార్ పట్టికకెక్కినది. 2006లో అందలి చేపల చెరువుల గట్లు పెక్కింటిని ప్రభుత్వము తెగగొట్టించినది. సరస్సునకు ఇంత కావలి యుండగా, దానికి నీరు తెచ్చు పిల్లకాలువలకు కావలి యెవరు? పట్టణపు మురుగు వచ్చి కలసిన నాడు, ఆ సంగతి మొదట తెలియునది గట్టున గాలము వేసినవానికే.

కొఱ్ఱమీను, మట్టగిడస, ఇంగిలాయి, వాలుగ, జెల్ల. వీనిని చూచి పేరు చెప్పగల బాలురు తరగతికి ఎందఱు? లంకలలోని జాలరుల బిడ్డలు చెప్పుదురు. తక్కినవారు వారి యొద్ద నేర్వవలెను. శనివారము మధ్యాహ్నము ఒక ఉపాధ్యాయుని వెంట నలుగురైదుగురిని కాలువకు పంపి, ఎచ్చట ఏ చేప దొరకెనో పుస్తకమున వ్రాయించుటకు తలిదండ్రులు అనుమతింపవలెనని మా కోరిక. ఈత రానివారిని మాత్రము పంపరాదు.